స్లైసర్ వెనక మూత: ఒక లిస్టీరియా కేసు

నాకు ఫోన్ వచ్చేసరికే ఫ్యాక్టరీ వాళ్లు తప్పంతా ల్యాబ్‌దేనని తేల్చేసుకున్నారు. ఉడికించిన చికెన్‌ను పలచటి ముక్కలుగా కోసి, వాక్యూమ్ ప్యాక్ చేసి, 4 డిగ్రీల చలిలో అమ్మే యూనిట్ అది. మళ్లీ వేడి చేయకుండా నేరుగా తినే సరుకు, గడువు 28 రోజులు. వాళ్ల దగ్గర కొనే సంస్థ ఒకటి తన తరఫున ఒక ప్యాకెట్‌ను బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించింది. 25 గ్రాముల నమూనాలో లిస్టీరియా మోనోసైటోజీన్స్, అంటే లిస్టీరియా బాక్టీరియాల్లో మనిషికి జబ్బు తెచ్చే రకం, ఉందని తేలింది. సంఖ్య చూస్తే గ్రాముకు 10 సీఎఫ్‌యూ (కాలనీ కట్టగల బతికున్న బాక్టీరియా లెక్క) లోపే. ఫ్యాక్టరీ వెంటనే అదే లాట్ నుంచి ఇంకో 5 ప్యాకెట్లు పరీక్షకు పంపింది. ఐదూ నెగెటివ్. అంతకుముందు రెండేళ్ల ఫైలు తిరగేసినా సరుకు రిపోర్టుల్లో ఒక్క పాజిటివ్ లేదు.

"ఐదు నెగెటివ్‌లు చేతిలో పెట్టుకుని ఆ ఒక్క పాజిటివ్‌ను ఎలా నమ్మమంటారు మేడమ్?" అని అడిగారు క్వాలిటీ మేనేజర్. ఆయన తప్పించుకోవడానికి అడగలేదు. నిజంగానే అలా నమ్మారు. ఆహారంలో బాక్టీరియాను వెతికే మా వృత్తిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ నమ్మకమే.

లెక్క కట్టి చూపించాను. నూటికి ఒక ప్యాకెట్‌లో ఈ బాక్టీరియా ఉందనుకుందాం. 5 ప్యాకెట్లు పరీక్షిస్తే అది దొరికే అవకాశం 5 శాతం లోపే. 60 పరీక్షించినా 45 శాతమే. 95 శాతం భరోసా కావాలంటే దాదాపు 300 ప్యాకెట్లు కోయాలి. అంటే ఐదు నెగెటివ్‌లు రావడం ఇక్కడ వింతేమీ కాదు. ఆ ఒక్కటి పాజిటివ్‌గా చిక్కడమే అరుదు. అరుదుగా చిక్కినదాన్ని పొరపాటు అని కొట్టేస్తే, ఇక చిక్కే దారే ఉండదు.

గ్రాముకు 10 లోపేనంటే ప్రమాదం లేనట్టే కదా అన్నది వాళ్ల రెండో వాదన. చాలా బాక్టీరియాల విషయంలో ఫ్రిజ్ మనకు కాపలా కాస్తుంది. లిస్టీరియా ముందు ఆ కాపలా పనికిరాదు. సున్నా డిగ్రీల దగ్గర కూడా అది మెల్లగా పెరుగుతుంది. ఉడికిన మాంసంలో పులుపు లేదు, తేమ దండిగా ఉంది, వాక్యూమ్ ప్యాక్‌లో గాలి లేకపోయినా దానికి ఇబ్బంది లేదు. 4 డిగ్రీల దగ్గర రెండు రోజులకొకసారి రెట్టింపైనా, ఈ రోజు గ్రాముకు ఒకటి ఉన్నది రెండు వారాల్లో వంద దాటుతుంది. గడువు ఇంకా రెండు వారాలు మిగిలే ఉంటుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన ప్రమాణం కూడా ఈ తేడా చూసే పెట్టింది: లిస్టీరియా పెరగలేని ఆహారంలో గ్రాముకు 100 వరకు ఒప్పుకుంటుంది. పెరగగలిగే ఆహారంలో మాత్రం 25 గ్రాముల చొప్పున 5 నమూనాలు తీస్తే ఒక్కదాంట్లోనూ కనిపించకూడదు.

ఆ రోజే లైన్ ఆపించాం. పాజిటివ్ వచ్చిన లాట్‌ను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. గోదాములో ఉన్న సరుకు కదలకుండా ఆపారు. నియంత్రణ అధికారులకు కబురు వెళ్లింది. ఇంతవరకు అందరం సరిగ్గానే చేశామనుకుంటాను.

ఉదయం ఆరు గంటల స్వాబ్‌లు

చికెన్ ఉడికే గదిలో వెతకాల్సిన పని లేదు. ముక్క మధ్యలో ఉష్ణోగ్రత రికార్డులన్నీ బాగున్నాయి. పాలను పాశ్చరైజ్ చేసే 72 డిగ్రీలు, 15 సెకన్లకే లిస్టీరియా చస్తుంది. ఇక్కడ అంతకు మించిన వేడి, అంతకు ఎన్నో రెట్ల సమయం. కాబట్టి ఉడికాకే ఎక్కడో అంటుకుంది. ఉడికిన చికెన్ చల్లారే గది, స్లైసర్, కన్వేయర్, ప్యాకింగ్ యంత్రం. వెతకాల్సింది ఈ నాలుగు చోట్లే.

యంత్రాల మీద తుడిచి బాక్టీరియా పరీక్షకు పంపే నమూనాలే స్వాబ్‌లు. ఫ్యాక్టరీ స్వాబ్ రిజిస్టర్ అడిగి తెప్పించుకుని రాత్రి కూర్చుని చదివాను. వారానికి 10 స్వాబ్‌లు, రెండేళ్లుగా ఒక్క వారం తప్పలేదు. ఒక గంట చదివాక నాకు విషయం అర్థమైంది. ప్రతి స్వాబ్ ఉదయం ఆరింటికే తీశారు. రాత్రి కడిగి, శానిటైజర్ కొట్టి, యంత్రం ఇంకా ఆన్ చేయకముందు. తీసిన చోట్లు ఎప్పుడూ అవే: స్లైసర్ పళ్లెం, కన్వేయర్ పైభాగం, టేబుల్, ప్యాకింగ్ యంత్రం అంచు. నున్నగా, చేతికి అందేలా, తుడవడానికి వీలుగా ఉన్న చోట్లు. స్వాబ్‌ను ముంచిన ద్రవంలో శానిటైజర్‌ను విరిచే న్యూట్రలైజర్ కూడా లేదు. ఉపరితలం మీద మిగిలిన మందు స్వాబ్‌తోపాటే ట్యూబులోకి వచ్చి, అక్కడ కూడా బాక్టీరియాను అణిచేస్తుంది. అలాంటి స్వాబ్ ఏం దాచినా నెగెటివ్ అనే చెబుతుంది.

దొంగ పగలు గుహలో ఉంటాడు, మనం పగలే వీధి ఊడ్చి దొంగలు లేరంటున్నాం. లిస్టీరియా బయోఫిల్మ్ అనే జిగట పొర కట్టుకుని యంత్రం సందుల్లో దాక్కుంటుంది. యంత్రం తిరిగి, కదిలి, వేడెక్కి, మాంసపు రసం సందుల్లోకి పోయి మళ్లీ బయటికి కారడం మొదలయ్యాకే అది పైకి వస్తుంది. అందుకే పని మొదలై మూడు నాలుగు గంటలు గడిచాక స్వాబ్ తీయాలి.

మేం తర్వాతి రెండు రోజుల్లో 40 స్పాంజ్ స్వాబ్‌లు తీశాం. లైన్ నడిచితేగానీ ఇది కుదరదు కాబట్టి, సరుకు బయటికి పోకుండా పూర్తిగా హోల్డ్‌లో పెట్టి నడిపించాం. సరుకు నేరుగా తగిలే చోట్లు మొదటి జోన్, వాటి పక్కవి రెండు, నేల, డ్రెయిన్లు, ట్రాలీ చక్రాలు మూడు, ఆ గది బయట నాలుగు. ఈ విభజన మా రంగంలో అందరికీ తెలిసిందే. ఫ్యాక్టరీ ప్లాన్‌లో మూడో జోన్ స్వాబ్‌లు ఆరు నెలలకు ఒకసారే ఉన్నాయి.

పద్ధతి ఐఎస్ఓ 11290, లిస్టీరియాను వెతకడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం. ముందు హాఫ్ ఫ్రేజర్ బ్రాత్ అనే లిస్టీరియాను పెంచే ద్రవంలో 30 డిగ్రీల దగ్గర ఒక రోజు, తర్వాత ఫ్రేజర్ బ్రాత్‌లో 37 డిగ్రీల దగ్గర ఇంకో రోజు, రెండింటి నుంచీ ప్లేట్ల మీదికి. ఒట్టావియానీ అగోస్తీ అగర్ మీద లిస్టీరియా కాలనీలు నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో వస్తాయి. మోనోసైటోజీన్స్ అయితే కాలనీ చుట్టూ తెల్లటి మసక వలయం కడుతుంది. ఇన్నేళ్లయినా ఆ వలయం చూసినప్పుడల్లా నా కడుపులో ఏదో తిప్పినట్టే ఉంటుంది. 40లో ఐదింటిలో లిస్టీరియా జాతికి చెందిన ఏదో ఒక రకం కనిపించింది. మూడింటికి ఆ వలయం ఉంది: స్లైసర్ కింద ఉన్న డ్రెయిన్, దాని పక్క నేల పగులు, ఒక ట్రాలీ చక్రం.

డ్రెయిన్ మీద పడ్డాం

ఇక్కడే నేను పొరబడ్డాను. మూడు పాజిటివ్‌లూ ఒకే మూల ఉన్నాయి, ఆ మూలకు మధ్యలో డ్రెయిన్ ఉంది. డ్రెయిన్‌లో లిస్టీరియా ఉండటం మామూలే. పైగా కడిగేవాళ్లు ఎక్కువ ప్రెషర్ ఉన్న పైపుతో డ్రెయిన్‌లోకి నీళ్లు కొడుతున్నారు. అలా కొడితే తుంపర్లు పైకి లేచి స్లైసర్ మీద పడతాయి. కథ అతికినట్టు కుదిరింది. నేను నమ్మేశాను.

పైపు మానిపించాం. డ్రెయిన్ జాలీ విప్పి, బ్రష్‌తో తోమి, మందు మార్చి కడిగించాం. నేల పగులు పూడ్చారు. ట్రాలీ చక్రాలు మార్చారు. తర్వాత మూడు రోజులు వరుసగా స్వాబ్‌లు నెగెటివ్. ఫ్యాక్టరీలో అందరి ముఖాలూ తేలికపడ్డాయి. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

ఎనిమిదో రోజు డ్రెయిన్ మళ్లీ పాజిటివ్. ఈసారి కన్వేయర్ మొదట్లో ఉన్న రోలర్ కూడా పాజిటివ్ వచ్చింది. సరుకుకు తగిలే చోటు అది.

నిజానికి మొదటి ఫలితాల్లోనే ఒక ప్రశ్న నన్ను ఆపాల్సింది. డ్రెయిన్ నుంచి పైకి వచ్చిందా, పై నుంచి డ్రెయిన్‌లోకి కారిందా? నీళ్లు పల్లానికే పోతాయి. డ్రెయిన్ అంటేనే గదిలో ఉన్నదంతా చివరకు చేరే చోటు. దాన్ని నేను మూలం అనుకున్నాను.

మూత

స్లైసర్‌ను విడదీసి, లోతుకొక స్వాబ్ చొప్పున తీయాలని నిర్ణయించాం. 2008లో కెనడాలో కోసి ప్యాక్ చేసిన మాంసాల వల్ల లిస్టీరియోసిస్ (లిస్టీరియా తెచ్చే జబ్బు) వచ్చి 20 మందికి పైగా చనిపోయినప్పుడు, దర్యాప్తు చివరికి చేరింది కూడా పెద్ద స్లైసర్ల లోపలి భాగాలకే. తయారీదారు చెప్పినట్టే శుభ్రం చేస్తున్నా లోపల మాంసపు అవశేషాలు పేరుకుపోయాయి. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే అది. నాకూ తెలుసు. తెలిసీ ముందు డ్రెయిన్ దగ్గర కూర్చున్నాను.

రాత్రి శుభ్రపరిచే షిఫ్ట్ మొదలయ్యేదాకా ఆగి, ఆ బృందం పెద్దాయనను స్లైసర్ ఎలా కడుగుతారో చూపించమన్నాను. ఆయన ఒక్కో భాగం విప్పుతూ వెళ్లారు. బ్లేడు, గార్డు, పళ్లెం, బెల్టు. పని చూస్తే ముచ్చటేసింది, ఎక్కడా తొందర లేదు. బ్లేడు ఇరుసు వెనక ఉన్న స్టీలు మూత దగ్గర మాత్రం ఆగి, దాని చుట్టూ తుడిచి ముందుకు వెళ్లిపోయారు.

"అది తీయరా?" అన్నాను.

"అది మేం తీయం మేడమ్. దానికి వేరే రెంచ్ కావాలి. మెయింటెనెన్స్ గదిలో ఉంటుంది. వాళ్లు పదింటికి తాళం వేసుకుని వెళ్లిపోతారు. మేం పదకొండింటికి వస్తాం."

"ఎప్పటినుంచి ఇలా?"

"నేను చేరినప్పటి నుంచీ ఇంతే. మూడేళ్లు దాటింది."

"ఎవరికైనా చెప్పారా?"

"ఒకసారి రాసి ఇచ్చాను మేడమ్. చెక్‌లిస్టులో ఆ మూత లేదు కదా అన్నారు."

మెయింటెనెన్స్ వాళ్లను అప్పటికప్పుడు పిలిపించి మూత తీయించాం. ముందు వాసన వచ్చింది. తర్వాత కనిపించింది. ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీల్ ఒకవైపు చీలి ఉంది. దాని వెనక గోధుమ రంగు ముద్ద, వేలి మందాన. బ్లేడు తిరిగిన ప్రతిసారీ మాంసపు రసం కొద్దికొద్దిగా ఆ చీలికలోంచి లోపలికి పోతోంది. కడిగిన నీళ్లూ పోతున్నాయి. శానిటైజర్ పోయినా ఆ కొవ్వు ముద్దలో దాని బలం విరిగిపోతుంది. చలి, తడి, తిండి, ఏ మందూ అందని చోటు. లిస్టీరియాకు ఇంతకంటే మంచి ఇల్లు కట్టించి ఇవ్వలేం.

స్వాబ్‌లు ఐదు లోతుల్లో తీశాం. పైన నెగెటివ్. బ్లేడు గార్డు లోపలి వైపు నెగెటివ్. సీల్ బయటి అంచు పాజిటివ్. సీల్ వెనక పాజిటివ్, ప్లేటు మీద లెక్కపెట్టలేనంతగా. మూత లోపలి వైపు పాజిటివ్.

ఫ్రీజర్‌లో పాత కల్చర్

ప్యాకెట్‌లో దొరికినది, డ్రెయిన్‌లోది, రోలర్‌ది, సీల్ వెనకది, నాలుగింటినీ జీనోమ్ సీక్వెన్సింగ్‌కు, అంటే వాటి జన్యు అక్షరాలన్నీ చదివించడానికి, పంపాం. నాలుగూ దాదాపు ఒకటే. సుమారు 29 లక్షల అక్షరాల జీనోమ్‌లో రెండు మూడు చోట్ల మాత్రమే తేడా.

అప్పుడు మా ల్యాబ్‌లో ఒక జూనియర్ అడిగింది: ఈ ఫ్యాక్టరీది పాతది ఏదైనా మన ఫ్రీజర్‌లో ఉందా అని. ఉంది. 14 నెలల కిందట వాళ్ల ఆరు నెలల తనిఖీలో డ్రెయిన్ నుంచి దొరికిన మోనోసైటోజీన్స్, మైనస్ 80 డిగ్రీల దగ్గర భద్రంగా ఉంది. దాన్నీ పంపాం. నాలుగు అక్షరాల తేడా. అదే కుటుంబం. బయటి నుంచి కొత్తగా వచ్చి పడ్డది కాదు, 14 నెలలుగా అక్కడే కాపురం ఉన్నది.

ఆ పాత ఫైలు తీసి చూశాను. "డ్రెయిన్ శుభ్రం చేశారు, మళ్లీ పరీక్షిస్తే నెగెటివ్, కేసు ముగిసింది." కింద సంతకం నాది.

ఈ కేసు గురించి రాయాలనుకోవడానికి ఆ సంతకమే కారణం. ఫ్యాక్టరీ ఆరింటికి స్వాబ్ తీసి తనను తాను నమ్మించుకుంది. నేను మళ్లీ ఒక పరీక్ష చేయించి, నెగెటివ్ వచ్చిందని ఫైలు మూశాను. రెండూ ఒకే తప్పు. పాజిటివ్ వచ్చిన చోటు నుంచి అన్ని దిక్కులకూ, ముఖ్యంగా పైకి, స్వాబ్‌లు తీస్తూ పోయి ఉంటే 14 నెలల కిందటే ఆ మూత దాకా చేరేవాళ్లం.

సరుకు వెనక్కి

లాట్ అంటే ఒక శుభ్రతకూ ఇంకో శుభ్రతకూ మధ్య తయారైన సరుకు. రాత్రి కడగడంతో ఒక లాట్ ముగిసి ఇంకోటి మొదలవుతుందని లెక్క. కానీ ఆ సీల్ వెనక ఏ రాత్రీ శుభ్రత జరగలేదు. కాబట్టి ఒక లాట్‌ను ఇంకో లాట్ నుంచి వేరు చేసే గీత లేదు. ఆ స్లైసర్ మీద కోసి, గడువు మిగిలున్న సరుకంతా వెనక్కి రావాల్సిందేనని రాసి ఇచ్చాను. యాజమాన్యంతో ఆ సమావేశం తేలిగ్గా జరగలేదు. ఎవరూ జబ్బుపడినట్టు కబురు లేదు కదా అన్నారు.

లిస్టీరియోసిస్ తిన్న మర్నాడే బయటపడే జబ్బు కాదు. కొందరిలో 70 రోజుల తర్వాత కూడా కనిపిస్తుంది. రెండు నెలల కిందట ఏ ప్యాకెట్ తిన్నారో ఎవరికి గుర్తుంటుంది? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కాస్త జ్వరం, కడుపులో తేడా, అంతే. వృద్ధుల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో అది రక్తంలోకి, మెదడు పొరల దాకా పోతుంది. అలా ముదిరినవాళ్లలో ఐదుగురిలో ఒకరు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువమంది, వైద్యం అందినా చనిపోతారు. గర్భిణికి చిన్న జ్వరం వచ్చి తగ్గిపోతుంది, ఆమె మర్చిపోతుంది కూడా. బాక్టీరియా మావిని దాటి బిడ్డను చేరుతుంది. గర్భం పోవచ్చు, మృత శిశువు పుట్టవచ్చు. 2017, 2018లలో దక్షిణాఫ్రికాలో తినడానికి సిద్ధంగా అమ్మే మాంసం వల్ల వెయ్యి మందికి పైగా జబ్బుపడితే, వాళ్లలో నెల రోజుల్లోపు పసికందులే ఎంతోమంది. ఆ పిల్లలు ఆ మాంసం ముట్టనైనా ముట్టలేదు. సమావేశంలో నేను ఈ ఒక్క సంగతే చెప్పాను. సరుకు వెనక్కి వచ్చింది.

వారం పైగా ఆలస్యంగా వచ్చింది. డ్రెయిన్ శుభ్రమైందని నేను ఊపిరి పీల్చుకున్న రోజుల్లో, పాత లాట్లు జనం ఫ్రిజ్‌లలోనే ఉన్నాయి. ఆ రోజుల గురించి నాకు సమాధానం లేదు. ఇప్పుడు మోనోసైటోజీన్స్ దొరికితే, మూలం తేలకముందే, శుభ్రత గీత నిజంగా ఎక్కడుందో నిరూపించమని మొదటి రోజే అడుగుతున్నాను. నిరూపించలేకపోతే పాత లాట్లన్నీ లెక్కలోకి వస్తాయి.

స్లైసర్‌ను బాగుచేయడంలో పెద్ద చిక్కేమీ లేదు. ఎలక్ట్రానిక్ భాగాలు తీసేసి, మిగతా యంత్రాన్ని తేమ నిండిన వేడిలో పెట్టాం. లోపల వేడి అందడానికి ఎక్కువ సమయం పట్టే చోట థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టి, అక్కడ 71 డిగ్రీలు దాటాక అరగంట ఉంచాం. మందు చేరని చోటికి వేడి చేరుతుంది. సీల్ కొత్తది వేసి, ఇన్ని గంటలకు ఒకసారి మార్చాలని రాసుకున్నారు. మూత చెక్‌లిస్టులోకి వచ్చింది. రెంచ్‌లు రెండు కొని, స్లైసర్ పక్క గోడకే తగిలించారు.

కష్టమైంది వేరే ఉంది. క్వాలిటీ విభాగం వాళ్లకు ఏడాది చివర ఇచ్చే బోనస్, స్వాబ్‌లలో ఎన్ని నెగెటివ్ వచ్చాయన్న దాని మీద ఆధారపడి ఉంది. ఉదయం ఆరు గంటలు ఎవరో చెడ్డ మనిషి ఎంచుకున్న వేళ కాదు. ఆ బోనసే ఎంచుకుంది. పాజిటివ్ దొరికితే జీతం తగ్గే మనిషిని వెళ్లి పాజిటివ్ వెతకమంటే ఏ సందులో చెయ్యి పెడతారు? బోనస్ షరతు తీసేయకపోతే మా స్వాబ్ ప్లాన్ అమలు కాదని రాతపూర్వకంగా చెప్పాం. నాలుగు సార్లు అడిగాక తీసేశారు. కొత్త ప్లాన్‌లో వారానికి 30 స్పాంజ్‌లు, పని మధ్యలో, ఎక్కువ భాగం రెండు, మూడు జోన్లలో. వాటిలో ఐదు ఎక్కడ తీయాలో రాత్రి షిఫ్ట్ బృందం చెబుతుంది. యంత్రం ఎక్కడ మురికి పడుతుందో వాళ్లకు తెలిసినంతగా నాకు తెలియదు.

మొదటి ఎనిమిది వారాలు ఏమీ రాలేదు. తొమ్మిదో వారం, చల్లారే గదిలో కూలింగ్ యూనిట్ కింద నీళ్లు పట్టే ట్రేలో లిస్టీరియా జాతి దొరికింది. మోనోసైటోజీన్స్ కాదు. అయినా అది ఉన్న చోట మోనోసైటోజీన్స్ కూడా బతకగలదు. రిపోర్టు వెళ్లిన గంటలోపే క్వాలిటీ మేనేజర్ ఫోన్ చేశారు. ల్యాబ్ పొరపాటా అని అడగలేదు.

"ట్రే చుట్టూ పన్నెండు స్వాబ్‌లు తీశాం మేడమ్. ట్రే పైన ఉన్న పైపు కూడా విప్పిస్తున్నాం. సరుకు హోల్డ్‌లో పెట్టాను. శాంపిళ్లు తీసుకుని మనిషి బయల్దేరాడు."